గ్రామకంఠంలో ఆడగొంతు

ఊరిని కథానాయకుణ్ణి చేసిన తెలుగు పుస్తకాల గురించి మాట్లాడాల్సి వస్తే గుంటూరు జిల్లా వాళ్ళం ముందుగా సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' పేరే చెప్తాం. (కథానాయకుడు అనే అంటారు విమర్శకులు. ఊరు మగది ఎప్పుడయిందో మాత్రం ఎవరూ చెప్పరు.) 1975-77 మధ్య ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చిన ఆ చిన్న చిన్న కథలు, వాటి పక్కన బాపు బొమ్మలు, తర్వాత 90ల్లో శ్యాం బెనెగల్ దూరదర్శన్ కోసం హిందీలో తీసిన సీరియల్, ఇవన్నీ కలిసి ఒక ఊరిని మన కళ్ళముందు నిలబెట్టాయి. కృష్ణ ఒడ్డు, అమరేశ్వరుడి గుడి, రేవు, సత్రం, వీధి అరుగులు. ఊరంటే ఇలా ఉంటుంది, ఇలా ఉండాలి అనే నమూనా ఒకటి తయారైంది. ఆ తర్వాత వచ్చిన 'మా ఊరి కథలు' చాలావాటి వెనక ఆ నమూనా కన్పిస్తుంది.

ఆ కథలంటే నాకు ఇష్టం. ఇది మొదటే చెప్పాలి, ఎందుకంటే స్త్రీవాదులకు ఏదీ నచ్చదనే మాట ఇంకా తిరుగుతూనే ఉంది. మొదటి కథ 'వరద'లో ఏరు పొంగి ఇళ్ళన్నీ మునిగాక కులాల మధ్య దూరం కాసేపు చెరిగిపోతుంది. రెండు మూడు పేజీల్లో అంత మాట చెప్పడం చిన్న సంగతి కాదు. 'పుణుకుల బుట్టలో లచ్చితల్లి' అనే పేరు చూస్తేనే, వీధిలో బుట్ట పెట్టుకుని పొట్టపోసుకునే మనిషిని ఆ రచయిత ఎంత ఆప్యాయంగా గమనించాడో తెలుస్తుంది. అయితే ఎక్కడ నిలబడి గమనించాడు? మళ్ళీ మళ్ళీ చదివినప్పుడు నాకు కలిగిన ప్రశ్న అది. కథల చూపు ఎక్కువగా ఏటికీ గుడికీ మధ్యనే తిరుగుతుంది. ఆడవాళ్ళు రేవుకి వస్తారు, బిందెలు ముంచుకుంటారు, తలంటుకుంటారు, వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళేది ఏ సందులోంచి, ఏ గుమ్మంలోంచి, లోపలికి వెళ్ళాక ఏం చేస్తారు అనే చోట కథ చాలాసార్లు వెనక్కి తిరిగి మళ్ళీ రేవుకే వచ్చేస్తుంది. గుడి దాటి కాసేపు నడిస్తే నల్లరేగడి పొలాలు. పత్తి, మిరప, కంది. అక్కడ వంగి పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ వంగిన నడుములు ఈ ఊరి బొమ్మలో అంచుకి పోయాయి.

ఇది ఆ ఒక్క పుస్తకం లోపమని నేననడం లేదు. ఊరిని 'చూసే' అలవాటులోనే ఉంది కిటుకు. రచ్చబండ మీదో, అరుగు మీదో, రేవు మెట్ల మీదో తీరిగ్గా కూర్చున్నవాడికి ఊరు ఒక దృశ్యం. అలా కూర్చునే తీరికా హక్కూ ఎవరికి ఉన్నాయో, వాళ్ళకే ఊరు దృశ్యంగా కన్పిస్తుంది. మిగతావాళ్ళకి ఊరంటే దారులు. ఇంటి నుంచి బావికి, బావి నుంచి ఇంటికి, దొడ్డి గుమ్మం నుంచి డొంకలోకి, తెల్లారకముందు పల్లె నుంచి పొలానికి, చీకటి పడ్డాక పొలం నుంచి పల్లెకి.

మా ప్రాంతంలో 'ఊరు', 'పల్లె' ఒకటి కాదు. బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. పల్లె అంటే పల్లెటూరు అనుకుంటారు. గుంటూరు, ప్రకాశం మెట్ట గ్రామాల్లో 'పల్లె' అంటే మాలపల్లె, మాదిగపల్లె. 'ఊళ్ళోకి వెళ్ళొస్తా' అని పల్లెవాళ్ళు అంటారు. 'పల్లెలోకి కబురు పెట్టు' అని ఊరివాళ్ళు అంటారు. మధ్యలో ఉండేది ఒక డొంకో, ఒక వాగో, ఒక్కోసారి పెంటదిబ్బల వరస మాత్రమే. నేను పుట్టింది ఊళ్ళో, పల్లెలో కాదు. పొలం ఉన్న కులంలో. ఈ వ్యాసంలో నా చూపు ఎక్కడిదో పాఠకులకి తెలియడం అవసరం కాబట్టి చెప్తున్నాను.

రెవెన్యూ భాషలో ఇళ్ళున్న జాగాని 'గ్రామకంఠం' అంటారు. ఎంత మంచి మాట! పొలాలకి సర్వే నంబర్లు, పట్టాలు, అడంగళ్ళు ఉంటాయి. గ్రామకంఠంలో తాతల నుంచి ఎవరి గోడ ఎక్కడుంటే అదే హద్దు. చాలాచోట్ల విడి పట్టాలే ఉండవు. అనుభవమే కాగితం. ఎవరి చూరు నీళ్ళు ఎవరి సందులో పడాలి, ఎవరి దిబ్బ ఎంతవరకు, ఎవరి బండి తిరగడానికి ఎంత జాగా వదలాలి ఇవన్నీ నోటిమాట మీదే నడిచాయి. నోటిమాట అన్నచోట ఎవరి నోరు అని అడగాలి. హద్దు తగువులు పెద్దమనుషుల ముందుకి వచ్చినప్పుడు చావిడి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఎవరూ ఉండరు. కానీ తగువు మొదలయ్యేది మాత్రం వాళ్ళు కల్లాపి చల్లే చోటు దగ్గరే, కట్టెలు పేర్చే చోటు దగ్గరే.

మా వైపు ఇళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే సాహిత్యంలో మండువా లోగిళ్ళకి దొరికినంత చోటు ఈ ఇళ్ళకి దొరకలేదు. మట్టి గోడలు, పైన తాటాకో పెంకో. ముందు అరుగు, పంచ. పంచలో మంచం వేసుకునేది మగవాళ్ళు. లోపల నట్టిల్లు, చీకటిగా. విత్తనాల కుండలు, దూలానికి వేలాడే ఉట్టి. దాని వెనక వంటిల్లు. వెనక దొడ్డి, అక్కడే కుడితి తొట్టి, గొడ్ల సావిడి, పేడకుప్ప. గుమ్మాలు రెండు. వీధి గుమ్మం పండక్కి పసుపు రాయించుకుంటుంది. దొడ్డి గుమ్మం మాత్రం రోజుకి వందసార్లు తెరుచుకుంటుంది. చాకలి అన్నం కోసం వచ్చేది దొడ్డి గుమ్మానికే. పాలేరు సంకటి తినేది అక్కడే. మొగుడు పోయినామె చాలా ఏళ్ళపాటు రాకపోకలు చేసింది అక్కడినుంచే. ముట్టయిన పిల్ల మూడ్రోజులు కూర్చునేదీ దానికి అవతలే. ఒకే ఇంటికి ఊరు రెండు వైపుల నుంచి వచ్చేది. ముందు నుంచి వచ్చిన ఊరు చరిత్రలోకి ఎక్కింది. వెనక నుంచి వచ్చిన ఊరు ఎక్కలేదు.

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకి నీళ్ళు వదిలారు. ఆ తర్వాతి పదిహేనేళ్ళలో మా చుట్టుపక్కల ఇళ్ళు మారిన వేగం అంతకుముందు వందేళ్ళలో లేదు. వరీ పత్తీ డబ్బులు. తాటాకు పోయి పెంకు, పెంకు పోయి డాబా. మట్టినేల పోయి మాచర్ల నాపరాళ్ళు. ఇంకా తర్వాత వంటింటి గట్టు మీదికి చీమకుర్తి నల్ల గ్రానైట్ వచ్చింది. ఒంగోలు పక్కన తవ్విన ఆ మెరుపురాయి దేశదేశాలకి పోతుందని గొప్పగా చెప్పుకుంటాం. పొయ్యి గట్టెక్కడం నిజంగానే పెద్ద మార్పు. కానీ గట్టెక్కిన తర్వాత కూడా చాలా ఇళ్ళలో దొడ్లో పత్తికట్టె పొయ్యి ఆరలేదు. 1999లో దీపం పథకం గ్యాసు వచ్చినా, నీళ్ళు కాగేది, కుడితి కాగేది కట్టెల మీదే. పత్తి తీతలు అయిపోయాక చేలోంచి కట్టె పీకి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చేది ఎవరు? ఊరి పెద్దల పుస్తకంలో 'పత్తి' అనే మాట పక్కన దిగుబడి, ధర, ఆసామి పేరు ఉంటాయి. కట్టెమోపు ఉండదు.

ఊరి పెద్దల పుస్తకం అన్నాను కదా. ఈమధ్య ఇవి చాలా వస్తున్నాయి. హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డవాళ్ళు డబ్బులిస్తే, ఊళ్ళో రిటైరైన మాస్టారో ఒకరు పూనుకుని 'మా ఊరి చరిత్ర' వేస్తారు. ధ్వజస్తంభం ప్రతిష్ఠ సందర్భంగానో, హైస్కూలు స్వర్ణోత్సవానికో. మంచి పనే. ఇంగ్లీషు వాళ్ళకి ఇది పాత అలవాటు. చర్చి గోడ ఎప్పటిది, మిల్లు ఎవరిది, ఏ సందు పేరు ఏ వృత్తిని బట్టి వచ్చింది అని ప్రతి కుగ్రామానికీ చరిత్ర రాసుకున్నారు. అక్కడ కూడా చాలాకాలం ఆ పని చేసింది ఫాదిరీలూ, జమీందార్లూ, మాస్టార్లే. ఫ్లోరా థాంప్సన్ అనే ఆవిడ, పోస్టాఫీసుల్లో పనిచేసిన మనిషి, ఆక్స్ ఫర్డ్ షైర్ లో తను పుట్టిన కూలీల కుగ్రామం గురించి 1939లో 'లార్క్ రైజ్' రాసింది. అందులో బావి ఉంది, కాడి భుజాన వేసుకుని నీళ్ళు మోయడం ఉంది, పందుల దొడ్డి ఉంది, మరుగుదొడ్డి ఉంది. చర్చి గోపురం కంటే ఇవే ఎక్కువ చోటు తీసుకున్నాయి. ఊరిని ఎవరు రాస్తున్నారన్న దాన్ని బట్టి ఊళ్ళో ఏ కట్టడం పెద్దదో నిర్ణయమవుతుంది.

మా ఊరి పుస్తకం రాతప్రతి కూడా తయారైంది. నాకు వరసకి బాబాయి అయ్యే మాస్టారొకాయన నాలుగేళ్ళు తిరిగి సమాచారం పోగుచేశారు. ముందుమాట రాయమని నాకు పంపారు. 'ఆడపడుచువి, ప్రొఫెసరమ్మవి, నువ్వు రాస్తే ఊరికి అందం' అన్నారు. శ్రద్ధగానే చదివాను. గుళ్ళు మూడు, వాటి శాసనం ఒకటి. కరణాల వంశవృక్షం. సర్పంచుల జాబితా, ఫొటోలతో. స్వాతంత్ర్య సమరయోధులు. డాక్టర్లు, ఇంజనీర్లు, విదేశాల్లో ఉన్నవారు, వారి దేశాల పేర్లతో. నాలుగు వీధులు, వాటి పేర్లు. మంచినీటి బావి ఒకటి, తవ్వించిన దాత పేరుతో. రిజర్వేషన్లో సర్పంచైన ఒకావిడ ఫొటో కూడా ఉంది, కానీ ఫొటో కింద ఆమె పేరుకన్నా ముందు భర్త పేరుంది. పల్లె గురించి ఒక పేరా. చర్చి కట్టిన సంవత్సరం, అంతే.

అబద్ధం ఒక్కటి లేదు ఆ పుస్తకంలో. నా ఇబ్బంది అదే. అన్నీ నిజాలే పెట్టి ఇంతమంది మనుషుల్ని లేకుండా చేయొచ్చన్నమాట.

అమరావతి దిబ్బ సంగతి గుర్తొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టించుకున్నాడు. ఇటుకలూ రాళ్ళూ కావాల్సొచ్చి ఊరి పక్కనున్న దీపాలదిన్నెని తవ్వించాడు. బయటపడ్డ పాలరాయి లాంటి పలకలు ఇళ్ళకీ మెట్లకీ పోయాయి. 1797లో అక్కడికి వచ్చిన కాలిన్ మెకంజీ అది మామూలు దిబ్బ కాదని గమనించాడు. 1816లో మళ్ళీ వచ్చి మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించాడు. అప్పటికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. మిగిలిన శిల్పాలు కొన్ని మద్రాసు మ్యూజియంకీ, కొన్ని లండన్ కీ చేరాయి. లండన్ వి 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్ళాయి. చరిత్ర పుస్తకాల్లో ఇది జమీందారు, దొర, స్తూపం అనే మూడు పేర్ల కథ. ఆ జమీందారు చెంచుల్ని భోజనానికి పిలిచి నరికించాడనీ, ఆ పాపభయంతోనే గుళ్ళు కట్టించాడనీ, నరుకుళ్ళపాడు అనే ఊరి పేరు అందుకే వచ్చిందనీ జనం చెప్పుకుంటారు. అది చరిత్రలో ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి. పుస్తకం మరిచినదాన్ని ఊరిపేరు ఎలా పట్టుకుంటుందో చూడండి.

ఆ పలకల మీద ప్రాకృత శాసనాలున్నాయి. రాజులు ఇచ్చినవి కాదు ఎక్కువ భాగం. మామూలు మనుషులు ఇచ్చినవి. భిక్షుణులు, గృహిణులు, వర్తకుల భార్యలు, కూతుళ్ళతో కలిసి దానమిచ్చిన తల్లులు. విధికుడు అనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలకని తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట, కృష్ణ ఒడ్డున, తోలు పని చేసే కుటుంబంలోని ఆడవాళ్ళు ఊరి అతి పెద్ద కట్టడంలో ఒక రాయికి దాతలు. ఆ రాళ్ళే తర్వాత ఎవరిళ్ళకో మెట్లయ్యాయి. స్తూపం గొప్పదనాన్ని పొగిడే వ్యాసాలు నేను లెక్కలేనన్ని చదివాను. ఈ కూతుళ్ళ ప్రస్తావన వాటిలో ఎంత అరుదో!

మళ్ళీ సాహిత్యంలోకి వస్తాను. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకి 'మాలపల్లి' అని పేరు పెట్టడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఊరి పేరు మంగళాపురం. నవలకి ఆ పేరు పెట్టలేదు. ఊరి చివర ఉన్నదాన్ని అట్ట మీదికి తెచ్చాడు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో గానీ ఆ నిషేధాల గొడవ పూర్తిగా వదల్లేదు. రామదాసు ఇల్లు, చౌదరయ్య ఇల్లు రెండూ ఆ నవలలో ఉన్నాయి, రెండింటి మధ్య దారీ ఉంది. సంగదాసు ఆ దారి నడిచి ప్రాణం పోగొట్టుకున్నాడు. అయితే ఆడవాళ్ళ విషయానికి వచ్చేసరికి ఉన్నవ చూపు రెండుగా చీలుతుంది. పల్లెలో ఆడవాళ్ళు ఓర్పుకీ భక్తికీ గుర్తులు. ఊళ్ళో కమల ఇల్లు దాటుతుంది. దానికి నవల ఆమెని ఊరికే వదలదు. గుంటూరులో శారదా నికేతనం పెట్టి వితంతువులకీ అనాథ స్త్రీలకీ చదువు చెప్పించిన ఉన్నవ దంపతులు నిజజీవితంలో ఎంతోమంది ఆడవాళ్ళకి గడప దాటే దారి చూపించారు. లక్ష్మీబాయమ్మ చేసిన ఆ పని గురించి రాసింది, 'మాలపల్లి' గురించి రాసినదానిలో నూరోవంతు ఉంటుందా? గడప దాటే ఆడదాన్ని నవల అనుమానంగా చూసింది, నవలాకారుడి ఇల్లు ఆదరించింది. ఈ వైరుధ్యం మీద ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండు.

'మాలపల్లి' తర్వాత అరవై ఏళ్ళకి కారంచేడు. 1985 జులై 16న మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ. పల్లెవాళ్ళు తాగే నీళ్ళలోకి గేదెల కుడితి నీళ్ళు పోస్తుంటే అడ్డు చెప్పినందుకు దెబ్బలు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త తన మీదికి వచ్చినవాళ్ళ మీదికి బిందె ఎత్తింది. మర్నాడు దాడి. ఆరుగురు దళితుల్ని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్ళు చీరాల వెళ్ళి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు, తిరిగి ఆ ఊరు వెళ్ళమన్నారు. దళిత మహాసభ పుట్టింది. ఇదంతా చరిత్ర. నేను ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. ఆ బిందె ఎత్తిన చోటు రచ్చబండ కాదు, చావిడి కాదు, పొలం గట్టు కాదు. నీళ్ళ దారి. అమరావతి కథల్లో అందంగా కన్పించే రేవు లాంటిదే. 'రేవులో ఆడవాళ్ళు' అని మన కవులూ చిత్రకారులూ ఎన్ని బొమ్మలు గీశారో తల్చుకుంటే, ఆ బొమ్మలన్నిటి మీదా ఈ బిందె నీడ పడుతుంది నాకు.

అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్ లో హిందూ వారసత్వ చట్టం సవరణ అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా. మా ఇళ్ళలో ఆడపిల్లల గురించి ఎంత చర్చ జరిగిందో! నాన్నలు దస్తావేజు రాయించే వాళ్ళ చుట్టూ తిరిగారు, కూతుళ్ళ చేత వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకున్నారు. పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరాలు మొగుళ్ళు అమ్ముకున్నారు. ఈ రెండు సంఘటనలూ యాభై రోజుల తేడాలో జరిగాయి. ఒకచోట ఆడది భూమిలో వాటా కోసం, ఒకచోట ఆడది బిందెడు నీళ్ళ కోసం. స్త్రీవాద సాహిత్యంలో మేము మొదటిదాని గురించి ఎక్కువ రాశాం. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు దాని మీద జరిగిన వాదనల్లో దళిత స్త్రీలు అడిగిన ప్రశ్న ఇదే కదా. ఆ తర్వాత గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు', చల్లపల్లి స్వరూపరాణి 'మంకెనపువ్వు', వినోదిని నాటకం 'దాహం' వచ్చాయి. 'దాహం' పేరులోనే నీళ్ళ దారి ఉంది. వేజండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ కథ 'ఊరబావి' పేరులోనూ ఉంది. నేను క్లాసులో 'అమరావతి కథలు' చెప్పినప్పుడల్లా 'దాహం' కూడా పక్కన పెట్టి చదివిస్తాను. ఒకదాన్ని కొట్టేయడానికి రెండోది కాదు. నీళ్ళు చూసినవాడి ఊరు, నీళ్ళు మోసినామె ఊరు రెండూ ఒకేసారి బల్ల మీద ఉండాలి.

చుండూరు గురించి ఒక్క మాట. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. బాధితుల పట్టుదల వల్ల ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులైలో 21మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఘటన జరిగిన ఊళ్ళోనే కోర్టు నడవడం ఎంత పెద్ద విషయం! గుళ్ళూ బళ్ళూ లెక్కపెట్టే ఊరి చరిత్రలు ఇలాంటి కోర్టుని ఏ జాబితాలో వేస్తాయో? 2022లో జిల్లాలు విడదీశాక కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోకి, అమరావతి పల్నాడు జిల్లాలోకి పోయాయి. రేపటి విద్యార్థికి ఇవన్నీ ఒకే నేల కథలని గుర్తుచేయాల్సి వస్తుంది.

మళ్ళీ మా బాబాయి పుస్తకం దగ్గరికి. ఆయనకి ఉత్తరం రాసేముందు అమ్మని కూర్చోబెట్టుకుని అడిగాను. ఊళ్ళో దారుల పేర్లు చెప్పమన్నాను. 'నాలుగు బజార్లేగా' అంది మొదట. 'బజార్లు కాదమ్మా, నువ్వు నడిచినవి' అంటే కాసేపు ఆలోచించి మొదలుపెట్టింది. కుమ్మరోళ్ళ సందు. చాకిరేవు డొంక. చెంబు డొంక, అంటే చీకటితో ఆడవాళ్ళు చెంబట్టుకుని వెళ్ళే తుమ్మచెట్ల వరస. ('మగోళ్ళ బళ్ళు రాకముందే వచ్చెయ్యాల, అమ్మాయ్. కడుపులో నొప్పొచ్చినా పొద్దుగూకేదాకా ఆగాల్సిందే.') పురుడుపోసే ముసలమ్మ ఇంటి దారి. గానుగ వెనక దారి, పాలికి ఇచ్చిన పొలానికి వెళ్ళే అడ్డదారి. మిరప కల్లాల బాట. పన్నెండు చెప్పింది. వాటిలో ఇప్పుడు సగం లేవు. చెంబు డొంక మీద సిమెంటు రోడ్డు పడింది, పక్కన ప్లాట్లు వేశారు. 2014 తర్వాత కట్టిన మరుగుదొడ్లు కొన్ని ఇళ్ళలో పత్తి బస్తాల గదులయ్యాయి, కొన్నిట్లో కోడళ్ళు పట్టుబట్టి వాడుకలోకి తెచ్చారు.

మిరప కల్లాల బాట దగ్గర అమ్మ చాలాసేపు ఆగింది. ఎండిన కాయ ఏరడం, తాలు కాయ వేరుచెయ్యడం, తొడిమలు తియ్యడం, అన్నీ ఆడకూలీల పని. ఘాటుకి తుమ్ములు, దగ్గు. చేతులు మండి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. మజ్జిగలో ముంచుకుని పడుకుంటారు, చంటిపిల్లని ముట్టుకోలేరు. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని మా పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఆ కాయ యార్డుకి చేరేలోపు ఎన్ని మండే చేతులు దాటిందో లేదు. ఏటా మిరప కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో సహా వలస వచ్చేవాళ్ళున్నారు. పొలాల్లోనో రోడ్డు పక్కనో పట్టాలు కప్పుకుని రెండు మూడు నెలలుంటారు. అక్కడే వంట, అక్కడే పురుడు. ఏళ్ళ తరబడి వస్తున్నారు, మా ఊరి పంట వాళ్ళ చేతుల మీదే ఇల్లు చేరుతోంది. వాళ్ళది ఏ వీధి? గ్రామకంఠంలో వాళ్ళకి జాగా లేదు, కాబట్టి గ్రామచరిత్రలోనూ లేదు.

పత్తి గురించి అమ్మ ఎక్కువ మాట్లాడలేదు. 1987-88లో తెల్లదోమ పడి, అప్పులు మీదపడి మా రెండు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగినప్పుడు, ఆ డబ్బాలు ఉండేది నట్టింట్లోనే, విత్తనాల పక్కనే. 2004లో జీవో 421 వచ్చి ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయం అన్నాక కూడా, పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది, కౌలు కాగితం ఉందా అన్న ప్రశ్నల దగ్గర ఆడవాళ్ళు ఆగిపోయారు. చేలో మొగుడితో సమానంగా, మొగుడు పోయాక ఒంటరిగా పత్తి పండించే ఆడమనిషిని 'రైతు భార్య' అనే రాస్తారు. రైతు అని రాయరు. ఇది భాష సమస్య అనుకునేవాళ్ళు ఒకసారి ఎమ్మార్వో ఆఫీసు ముందు నిలబడి రావాలి.

ఇక ఈ పదేళ్ళ కథ. 2015లో రాజధాని కోసం తుళ్ళూరు వైపు 29 గ్రామాల్లో 33 వేల ఎకరాల పైచిలుకు భూమి సమీకరించారు. పేరు మాత్రం అమరావతి. పాత అమరావతి ఊరు ఆ 29లో లేదు! ఊరిని వదిలి ఊరిపేరు తీసుకున్నారు. గ్రామకంఠాలను సమీకరణలోంచి మినహాయించారు, అంటే ఇళ్ళు ఉన్నాయి, చేలు లేవు. భూమి ఇచ్చినవారికి ప్లాట్లు, ఏటా కౌలు. భూమి లేని కుటుంబాలకు మొదట నెలకు 2,500 పింఛను. జరీబు నేలల్లో పూలు కోసి, కూరలు కోసి, అరటి గెలలు మోసి రోజూ కూలి చూసిన ఆడవాళ్ళకి అది ఎన్ని రోజుల కూలి? 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక రోడ్డెక్కిన వాళ్ళలో ముందువరసలో ఆడవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి కూర్చున్నారు, దెబ్బలు తిన్నారు, నోటికొచ్చినట్టు తిట్టించుకున్నారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వం మార్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభం. ఆ శిబిరాల్లో ఆడవాళ్ళ తెగువని నేను గౌరవిస్తాను. అదే సమయంలో పట్టా ఉన్నామె గొంతూ, కూలి పోయినామె గొంతూ ఒకే మైకులో ఎంతవరకు వినిపించాయన్నది కూడా అడుగుతాను. 'మేం ఊరు ఇచ్చాం' అన్న వాక్యంలో 'మేం' ఎవరు? పాలికి చేసినామె, అసైన్డు భూమి కాగితం చేతబట్టుకు తిరిగినామె ఆ 'మేం'లో ఉన్నారా?

రేపు ఈ 29 గ్రామాల నుంచీ 'మా ఊరు' కథలు వస్తాయి. రావాలి. చెరిగిపోయిన చేను గురించి ఆసామి బెంగగా రాస్తాడు, అది నిజమైన బెంగే. కానీ ఆ చేలో తను నాటిన మొక్కలు ఎన్నో వేళ్ళమీద లెక్క చెప్పగల ఆడకూలీ చేత రాయించకపోతే, దీపాలదిన్నె తవ్వినప్పటిలాగే ఇంకోసారి రాళ్ళు మాత్రమే మిగులుతాయి.

బాబాయికి ఉత్తరం రాశాను. ముందుమాట కాదు. అమ్మ చెప్పిన పన్నెండు దారులూ, ఎవరు ఎప్పుడు ఎందుకు నడిచారన్న వివరంతో, ఒక అధ్యాయంగా వెయ్యమన్నాను. పల్లె దారులు పల్లె ఆడవాళ్ళే చెప్పాలి, నేనూ అమ్మా కాదు, కాబట్టి వాళ్ళ దగ్గరికి వెళ్ళమన్నాను. బడిలో వంట చేసే ఇద్దరు, చర్చిలో పాటలు పాడే ఒకావిడ ఒప్పుకున్నారని కూడా రాశాను. ఇంకొకటి. దాత పేరుతో ఉన్న ఆ మంచినీటి బావిని ఆడవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు. 'కోడలి బావి' అంటారు. ఒక్క కోడలు కాదు, అమ్మకి తెలిసి ముగ్గురు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, బంధువులు ఊళ్ళోనే ఉన్నారు. బావికి వాడుకలో ఉన్న పేరు మాత్రం అచ్చులో ఉండాలని కోరాను.

ఆయన ఫోన్ చేశారు. దారులు వేస్తానన్నారు. 'బాగున్నయ్యమ్మా, ఇయ్యన్నీ నాకు తట్టలేదు' అని సంబరపడ్డారు. పల్లెలోకి తనే వెళ్తానన్నారు, వెళ్ళారు కూడా. బావి దగ్గర ఆగారు. 'దాత మనవలు డబ్బిచ్చారు గదమ్మా, శుభమా అని పుస్తకం వేస్తా ఆ పేరెందుకు? బ్రాకెట్లో పెడదామా?' అన్నారు. బ్రాకెట్లో దాత పేరు పెట్టండి బాబాయ్ అన్నాను. ఆలోచిస్తానన్నారు. ప్రూఫులు ఇంకా రాలేదు.